ఒక అడ్డ ఉప్పు

ముందు పోయినవి రాస్తాను. పదకొండు పీపాల పండుమిరప కారం. పీపాకి మూడు బస్తాల చొప్పున ముప్పై మూడు బస్తాల మిరపకాయలు. ఎనభై ఎనిమిది అడ్డల కల్లుప్పు. అడ్డ అంటే కుంచంలో సగం పట్టే ఇనప కొలత. మా అత్త దాన్ని శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళి సామానుతో పాటు కలకత్తా తెచ్చుకుంది. ఆరు డబ్బాల వెనిగర్. ఏడు నెలల కాలం. మా దగ్గర సీసాలు తీసుకునే పద్నాలుగు దుకాణాల్లో తొమ్మిది. నా కుడి చూపుడు వేలి మీద చర్మం. అది మళ్ళీ వచ్చింది కాబట్టి కొట్టేస్తున్నాను. మా అత్త మాట. అది ఉప్పు వల్ల పోలేదు, కానీ ఆ రోజే పోయింది. దాన్ని ఏ అంకె కింద వేయాలో ఇప్పటికీ తెలియక విడిగా ఉంచాను.

మిగతావన్నీ పోవడానికి కారణం ఒకే ఒక్క అడ్డ ఉప్పు. నిజానికి అది ఎక్కడికీ పోలేదు. పడాల్సిన పీపాలో కాకుండా పక్క పీపాలో పడింది.

నేను కలకత్తా పక్కన లిలువాలో పుట్టాను. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బెంగాలీ బడిలో ఆరో తరగతి దాకా చదివి మానేశాను. తెలుగు అక్షరాలు నాన్న ఇంట్లో దిద్దించాడు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. నాన్న జీతం చీటీలూ పాత రైల్వే టైంటేబుళ్ళూ ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. ఫలానా బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే వెనక బండి ఎక్కడ ఆగాలో కాగితం లేకుండా చెప్పేదాన్ని. కూడిక సరిపోయిందంటే పని సరిగ్గా జరిగినట్టే అనుకునేదాన్ని. ఇరవై నాలుగేళ్ళ వయసు దాకా ఆ నమ్మకానికి ఏ దెబ్బా తగల్లేదు.

ఇరవై ఒకటో ఏట పెళ్ళయి ఏక్‌బాల్‌పూర్ వచ్చాను. మా ఆయన అక్కడి ఓడల డాక్‌లో క్రేన్ దగ్గర ఖలాసీ. మామగారు నేను రాకముందే పోయారు. ఇంటి వెనక రేకుల గది నిండా చెక్క పీపాలుండేవి. ఓడల్లో ఏవేవో సరుకులతో వచ్చి ఖాళీ అయ్యాక డాక్ బయట అమ్మేసే పీపాలవి. గది తలుపు తెరిస్తే ముక్కు ముందు పులుపునూ, తర్వాత కారాన్నీ పట్టుకునేది. మూడోసారి తుమ్మాక గానీ లోపల ఏముందో కనబడేది కాదు.

ఆ కారం సంగతి అత్త నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా చెప్పింది కాబట్టి నమ్ముతున్నాను. మామగారు ఓడల్లో సరుకు దించే కూలి. మధ్యాహ్నం అన్నంలోకి అత్త కట్టిచ్చే కొరివికారం తినేవాడు. పండుమిరపకాయలు ఉప్పేసి తొక్కి, జాడీలో ఊరబెట్టిన పచ్చడి. ఒకరోజు ఒక ఓడ వంటవాడు వేలితో తీసి నాకి చూశాడు. మర్నాడు సన్నమూతి ఖాళీ సీసా ఒకటి తెచ్చి, ఇందులోంచి చుక్కలు చుక్కలుగా పడేలా చేసివ్వమన్నాడు. విదేశీ సీసా. అడుగున ఎర్రటి చారిక మిగిలి ఉందట. అత్త ఆ చారికను నీళ్ళతో కడిగి నాలిక మీద వేసుకుంది. ఉప్పు, మిరప, పులుపు. ఆ పులుపు చింతపండుది కాదు. అది వెనిగర్ అని తెలుసుకోవడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. పచ్చడిని జాడీలో నెల రోజులుంచితే చాలదనీ, పీపాలో ఆరేడు నెలలుంచితే మిరప వాసనలో పచ్చిదనం పోయి వేరే రుచి వస్తుందనీ తెలియడానికి రెండేళ్ళు. పల్చటి గుడ్డలో వడకడితే చిక్కదనం పోతుంది, సన్న ఇత్తడి జల్లెడ అయితే నిలుస్తుంది అని తెలియడానికి ఇంకో ఏడాది.

మొదట ఓడలవాళ్ళు కొన్నారు. తర్వాత ఖిదిర్‌పూర్‌లో రోల్ దుకాణాలవాళ్ళు, ఆ తర్వాత భవానీపూర్ దాకా. పరాటాలో గుడ్డూ ఉల్లిపాయా చుట్టి, పైన మా సీసా రెండుసార్లు దులిపి ఇచ్చేవారు. సీసాకి పేరు చీటీ ఏమీ లేదు, మూతికి ఎర్ర లక్క మాత్రం ఉండేది. బెంగాలీలే దానికి పేరు పెట్టారు: మద్రాజీ ఝాల్. మద్రాసువాళ్ళ కారం అని.

“మద్రాసు ఎటేపుందో నాను సూడ్నేదు. నా కారానికి మద్రాసు పేరేటి?” అని అత్త విసుక్కునేది. అయినా ఎవరైనా గల్లీలోకి వచ్చి ఆ పేరుతో అడిగితే, చెంగు సర్దుకుని తనే ఎదురెళ్ళేది.

అత్త నాకు పని నేర్పింది. కాయల్ని తొడిమతో సహా కడగాలి, ఆరాకే తొడిమ తీయాలి, ముందే తీస్తే లోపలికి నీళ్ళు పోతాయి. మచ్చ ఉన్న కాయ ఒక్కటి కూడా వెళ్ళకూడదు. మూత మీద రెండు వేళ్ళ మందాన ఉప్పు పరవాలి. ఒక్క పనికి మాత్రం నన్ను రానిచ్చేది కాదు. పీపాలో ఉప్పు పోసేటప్పుడు గదిలో ఆమె తప్ప ఎవరూ ఉండకూడదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, పలకరించకూడదు, తుమ్మినా మళ్ళీ మొదలుపెట్టాలి. నాకు చెప్పింది అంకె ఒక్కటే.

“పీపాకి ఎనిమిది అడ్డలు. ఎక్కువైతే ఉత్త ఉప్పుకళ్ళు. తక్కువైతే ఇసం. ఇసమంటే ఇసమే, నవ్వకు.”

నవ్వడానికి నాకు ధైర్యం లేదు. మామగారి స్నేహితుడొకాయన రోజూ మా గుమ్మం ముందు నుంచి వెళ్ళేవాడు. తొలి రోజుల్లో ఉప్పు తగ్గిన జాడీలోంచి కారం తిని, మూడో రోజుకి చూపు మసకబారి, గుటక పడక, నెల పైన ఆస్పత్రిలో ఉన్నాడట. బతికాడు. కానీ ఎడమ కనురెప్ప మళ్ళీ పూర్తిగా లేవలేదు. ఆ కారానికి కంపు లేదట, బూజు లేదట, రుచి కూడా తేడా లేదట. అత్త చెప్పిన వాటిల్లో నన్ను భయపెట్టింది అదే. పాడైనదాన్ని పట్టుకునే గుర్తే లేదు. అడ్డ లెక్క ఒక్కటే గుర్తు.

ఆ సంవత్సరం ఫాల్గుణంలో పదకొండు పీపాలు పెట్టాం. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి నాలుగైదేళ్ళయింది. కరెంటు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పోవడం అందరికీ అలవాటైపోయింది. తొమ్మిది పీపాలు అత్త ఒక్కతే ఉప్పు పోసి మూసింది. చివరి రెండూ ఒక మధ్యాహ్నం మొదలుపెట్టింది. రెండింట్లోనూ తొక్కిన కారం అప్పటికే ఉంది. పక్కన బస్తాలో సరిగ్గా పదహారు అడ్డల ఉప్పు. కరెంటు లేదు. కిటికీ లేని గదిలో లాంతరు పెట్టుకుంది. నేను బయట వసారాలో సీసాలు కడుగుతున్నాను. రేకు తలుపు వెనక నుంచి తెడ్డు తిప్పిన చప్పుడు, ఆగడం, మళ్ళీ తిప్పిన చప్పుడు వినిపిస్తున్నాయి.

“అమ్మీ, ఇటురా” అంది. వెళ్ళాను. రెండు పీపాల మధ్య నిలబడి ఉంది. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

“చెయ్యి తిమ్మిరెక్కీసింది. కాసేపు పడుకుంతాను. మిగతాది నువ్ పొయ్యి.”

“ఎంతదాకా అయింది అత్తా?”

“ఆరున్నొకటి” అంది. మాట కొంచెం మందంగా వచ్చింది. “అడ్డకీ అడ్డకీ తెడ్డు తిప్పు. కొలిసినంతసేపు నోరిప్పకు.”

ఆమె వెళ్ళిపోయింది. నేను పీపాలు చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. పోసిన ప్రతి అడ్డనీ వెంటనే కలిపేస్తుంది కాబట్టి తెల్లగా ఏమీ కనబడదు, లాంతరు వెలుగులో ఎర్రటి తడి తప్ప. ఆరున్నూ ఒకటి. ఎదురుగా రెండు పీపాలు. తెడ్డు ఉన్న ఎడమ పీపాలో ఆరు, కుడిదాంట్లో ఒకటి. ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టలేదు. ఇటు ఆరు పోసి అటు ఒకటి పోయడమేమిటని మాత్రం ఒక్క క్షణం అనుకున్నాను. చెయ్యి మొద్దుబారితే తడబడి ఉంటుందిలే అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. వెనక్కెళ్ళి అడగొచ్చు. నోరిప్పకు అందిగా.

ఎడమ పీపాకి రెండు పోశాను. కుడి పీపాకి ఏడు. రెండూ ఏడూ తొమ్మిది. ఆమె పోసినవి ఏడు. మొత్తం పదహారు. బస్తా దులిపితే గింజ రాలలేదు. లెక్క సరిపోయింది. ఎంతో తృప్తిగా మూతలు బిగించి, పైన ఉప్పు పరిచి, సుద్దతో తేదీ రాసి బయటికొచ్చాను.

వచ్చేసరికి అత్త చాప మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. మూతి వంకర పోయింది. నన్ను చూసి ఏదో అనబోయింది. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పక్షవాతం అన్నారు ఆస్పత్రిలో. ఇరవై మూడు రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. కుడి పక్క కదలదు. ఎడమ చెయ్యి పనిచేస్తుంది. వింటుంది, అర్థమవుతుంది. ఆమె నోట ఆఖరున నేను విన్న మాటలు ఆ ఉప్పు గురించినవే.

వానాకాలంలో ఏక్‌బాల్‌పూర్ గల్లీల్లో మోకాలి లోతు నీళ్ళు ఎప్పుడూ వచ్చేవే. ఆ ఏడాది రేకుల గదిలోకీ వచ్చాయి. మా ఆయన డాక్ నుంచి నలుగురిని తీసుకొచ్చి పీపాలన్నీ ఇటుకల మీదికి దొర్లించి ఎక్కించాడు. సుద్ద గీతలు కడుక్కుపోయాయి. ఏది ముందుదో ఏది వెనకదో ఎవరూ చూడలేదు. అప్పుడు దాని అవసరం ఎవరికుంది?

దుర్గా పూజలకి నెల ముందు, గుమ్మానికి దగ్గరగా ఉన్న మూడు పీపాలు తెరిచాం. వెనిగర్ కలిపి, పెద్ద తొట్టిలో మూడింటినీ ఏకం చేసి, రెండు వారాలు రోజూ తిప్పి, జల్లెడ పట్టి సీసాల్లో పోశాను. ఆరువందల పన్నెండు సీసాలు. వాసన చూశాను. బాగుంది. అత్త ఎడమచేతి వేలికి ఒక చుక్క అంటించి నాలిక మీద పెట్టాను. కళ్ళు మూసుకుని తల ఊపింది. సీసాలన్నీ వారంలో వెళ్ళిపోయాయి.

అది జరిగిన పదోరోజు. మూడిళ్ళ అవతలి పిన్ని, అత్త ఊరివైపు మనిషే, మా అడ్డ అడిగి తీసుకెళ్ళింది. మనవరాలి బారసాల, వందమందికి బియ్యం కొలవాలి. నేను చాట పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ బియ్యం ముంచి పోస్తూ పైకే లెక్కపెడుతోంది.

“లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది.”

నా చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

“పిన్నీ, ఆరు తర్వాత ఏమన్నావు?”

“ఆరున్నొకటి.”

“ఏడు అనలేదేం?”

“ఓలమ్మో! ఇంటో కొలుసుకున్నప్పుడు ఆ మాట పలుకుతారేటే? ఏడు అంటే ఏడువు అన్నట్టు కాదేటి? ఒకటి అనం, లాభం అంతాం. దాన్ని ఆరున్నొకటి అంతాం. మీ అత్త ఇన్నాళ్ళూ నీకు సెప్పనేదా? లిలువా గుంటవి, రేషను కొట్లో కిలోలు కొనుక్కున్నావు, నీకేటి తెలుస్తాది” అని నవ్వింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

ఎడమ పీపాలో అత్త పోసినవి ఏడు. కుడి పీపాలో ఏమీ లేదు. ఆ లెక్కన ఎడమ పీపాకి ఒకటి చాలు, నేను రెండు పోశాను: తొమ్మిది. కుడి పీపాకి ఎనిమిది కావాలి, నేను ఏడు పోశాను. తొమ్మిదీ ఏడూ పదహారు. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. ఎన్నిసార్లు కూడినా పదహారే. అందుకే ఇన్ని నెలలు ఏ అనుమానమూ రాలేదు. తప్పు కూడికలో లేదు. తప్పు నా చెవిలో ఉంది.

ఇంటికి నడిచిన ఆ మూడిళ్ళ దూరంలో ఇంకో లెక్క తేలింది. పదకొండు పీపాల్లో ఒకటి చెడ్డది. తెరిచినవి మూడు. చెడ్డది ఆ మూడింటిలో ఉండడానికి పదకొండింట మూడు వంతుల అవకాశం. నాలుగింట ఒకటి కన్నా ఎక్కువ. ఉంటే మాత్రం అది ఒక్క పీపాతో ఆగదు. తొట్టిలో అన్నీ కలిపాను నేనే. ఆరువందల పన్నెండు సీసాల్లోనూ ఉంటుంది.

ఆ పూటే మా ఆయనకి చెప్పాను. అన్నం ముందు కూర్చున్నాడు. నేను అంకెలు నేల మీద వేలితో రాసి చూపించాను.

“ఒక్క అడ్డ తక్కువైతే ఏటైపోద్దే? మనింటో నువ్ కూరలో ఉప్పు ఎప్పుడు సరిగ్గా ఏశావు?” అన్నాడు.

“ఇది కూర కాదు. గుమ్మం ముందు నుంచి రోజూ పోయే ఆయన రెప్ప చూడలేదా?”

అతని నవ్వు ఆగింది. “వాసనొచ్చిందేటి?”

“లేదు. ఆయన తిన్నదాంట్లోనూ రాలేదు.”

“మరెలగ తెలుస్తాది?”

“తెలీదు. అదే చెబుతున్నాను.”

అతను సగం అన్నం వదిలేసి లేచాడు. ఎనిమిది పీపాలు ఇంకా నిండుగా ఉన్నాయి, అవి ఊరికే పారబోయడానికి కాదు అన్నాడు. నాలుగు రోజులు ఆగి చూద్దాం, ఎవరికైనా ఏమైనా అయితే తెలుస్తుంది కదా అన్నాడు. తెలియడమంటే ఏమిటో అతను ఆలోచించి అనలేదు. అన్నాక తనే తల దించుకున్నాడు.

చెడ్డ పీపా మిగిలిన ఎనిమిదింటిలో ఉందని తేలితే, సీసాలు మంచివని తేలినట్టే. ఆ ఆశతో మర్నాడు పొద్దున ఎనిమిదింటినీ తెరిచాను. ఒక్కొక్కదాని మీద చెవి ఆనించి విన్నాను. తొలి వారాల్లో కారం లోపల పొంగుతూ గుడగుడలాడుతుంది. ఇప్పుడన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం చాలాసేపటికి ఒక బుడగ పగిలినట్టనిపించింది. నా చెవిలో నెత్తురు చప్పుడేమో. రుచి చూడ్డానికి వేలు పెట్టాను. ఉప్పు తేడా నాలికతో పట్టాలని. మొదటి పీపా తెలిసింది. రెండోది తెలిసింది. మూడోదానికి నాలిక మీద మంట తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఇందులో ఏదో ఒకటి విషమైతే నేను ఇప్పుడే నోట్లో వేసుకున్నానని. పరుగెత్తి వెళ్ళి కుళాయి దగ్గర గొంతులో వేలు పెట్టుకున్నాను. కడిగి కడిగి, గోకి గోకి, చూపుడు వేలి చర్మం ఊడింది. ఆ తర్వాత మూడు రోజులు గోడ మీది క్యాలెండర్ అంకెలు గుమ్మంలోంచి చదవగలుగుతున్నానో లేదో గంటకోసారి చూసుకున్నాను. మంచినీళ్ళు తాగేటప్పుడల్లా గుటక పడే దాకా ఊపిరి బిగబట్టాను. గల్లీలో అంబులెన్స్ గంట వినబడితే, అది ఎటు తిరిగిందో వినడానికి పని ఆపేసేదాన్ని.

నాలుగో రోజున అత్త దగ్గర కూర్చున్నాను. అప్పటిదాకా ఆమెకి చెప్పలేదు. చెప్పడానికి భయం, చెప్పకపోవడానికీ భయం. ఆ అడ్డ తీసుకెళ్ళి ఆమె ఎడమచేతి పక్కన పెట్టాను.

“అత్తా, ఆ రోజు నువ్వు ఆరున్నొకటి అన్నావు. ఏడు అని నాకు తెలీలేదు. ఆరూ, ఒకటీ అనుకున్నాను. ఒక పీపాలో ఏడే పడ్డాయి. అదేదో తెలీదు. మూడు పీపాలు అమ్మేశాం.”

నా ముఖంలోకి చూసింది. అంత సేపు నన్ను ఆమె ఎప్పుడూ చూడలేదు. ముందు కోపం వచ్చింది, అది నాకు తెలుసు, ముక్కుపుటాలు అదిరాయి. తర్వాత ఇంకేదో వచ్చింది. కళ్ళు గుమ్మం వైపు, ఆ రెప్ప లేవని ఆయన రోజూ పోయే దారి వైపు తిరిగాయి.

“మీ అబ్బాయి మాట కాదు, నీ మాటే అడుగుతున్నాను. ఉంచనా, పారబోయనా?”

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అత్త ఎడమచెయ్యి అడ్డ మీదికి పాకింది. అంచు పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. ఆ కొలతని ఆమె ఎప్పుడూ బోర్లించనిచ్చేది కాదు. ఖాళీగా ఉన్నా అందులో నాలుగు గింజలు ఉంచి నిటారుగానే పెట్టేది. ఇప్పుడు దాన్ని అరచేత్తో నెట్టింది. అది ఒరిగి, దొర్లి, మూతి కింద పెట్టుకుని చాప మీద బోర్లా పడింది. నాలుగు ఉప్పుగళ్ళు బయటికొచ్చాయి.

“అలాగేనమ్మా” అన్నాడు మా ఆయన. నాతో కాదు, ఆమెతో.

ఎనిమిది పీపాల కారం పారబోయడం చిన్న పని కాదు. మొదటి బక్కెట్ మురికి కాలవలో పోయగానే గల్లీ మొత్తం దగ్గింది. మేడ మీద నుంచి ఒకావిడ తిట్టింది. మా పాడా, అంటే మా పేట, క్లబ్బు కుర్రాళ్ళ పెద్ద మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

“కీ బౌదీ, ఏం వదినా, ఎన్నికలింకా దూరం కదా, ఇప్పుడే టియర్ గ్యాస్ ఎందుకు?” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

జరిగింది చెప్పాను. అతను హాస్యం మానేశాడు. డాక్ గోడ పక్కన పాత రైలు పట్టాల దగ్గర ఖాళీ జాగా చూపించి, గొయ్యి తవ్వడానికి ఇద్దరిని పంపాడు. రెండు రోజులు పట్టింది. ఖాళీ పీపాల్ని కూడా పగలగొట్టి పూడ్చాం, ఎవరైనా నీళ్ళకి వాడుకుంటారేమోనని.

తర్వాత సీసాలు. పద్నాలుగు దుకాణాల చిట్టా నా దగ్గరుంది. ఎవరికి ఎన్నో అందులో ఉంది. మేం ఖాళీ సీసాలు వెనక్కి తీసుకునేవాళ్ళం కాబట్టి, వాడేసినవి కూడా లెక్కకి వస్తాయి. మా ఆయన ఖిదిర్‌పూర్ వైపు, నేను భవానీపూర్ వైపు. అబద్ధం చెప్పడానికి ఇద్దరం కలిసి ఒకటి ఆలోచించుకున్నాం, మూత సరిగ్గా పడలేదని. మొదటి దుకాణం దగ్గరే అది నా నోట రాలేదు.

“ఉప్పు తక్కువ పడింది, దాదా.”

రోల్ దుకాణం దాదా పెనం మీద పరాటా తిప్పుతూ నవ్వాడు. “దానికింత దూరం వచ్చావా? నేను పైన చల్లుకుంటాలే బౌదీ, పో.”

“అలా కాదు. ఒంటికి పడకపోవచ్చు. చూపు పోవచ్చు.”

అతని చెయ్యి ఆగింది. పెనం ముందు నిలబడి తింటున్నవాళ్ళలో ఒకతను నమలడం మానేశాడు. దాదా మా సీసాలన్నీ కిందపెట్టి, గొంతు తగ్గించి, “ఇంకెప్పుడూ తేకు” అన్నాడు. తొమ్మిది దుకాణాలు ఆ మాటే అన్నాయి.

భవానీపూర్‌లో మెట్రో కోసం రోడ్డంతా తవ్వేసి ఉన్న రోజులవి. చెక్క పలకల మీద నడిచి ఆఖరి దుకాణానికి వెళ్తే తలుపు మూసి ఉంది. పక్క పాన్ దుకాణం అతన్ని అడిగాను.

“మూడు రోజులైంది. ఒంట్లో బాగోలేదని వెళ్ళాడు.”

మూడు రోజులు. ఎక్కడుంటాడని అడిగితే గల్లీ పేరు చెప్పాడు. వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ గల్లీలో ఒక్కో గుమ్మం దాటుతున్నప్పుడు లోపల ఏడుపు వినబడుతుందేమోనని చెవి పెట్టాను. అతని ఇంటి తలుపు తట్టబోయి చెయ్యి రెండుసార్లు దించాను. మూడోసారి తట్టాను. తలుపు అతనే తీశాడు. నుదుటికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

“ఏమైంది దాదా? కళ్ళు కనబడుతున్నాయా?”

“కళ్ళకేం? మెట్రో గోతిలో పడ్డాను” అన్నాడు చిరాగ్గా. “నువ్వు నా కళ్ళ కోసం వచ్చావా?”

గుమ్మం మీదే కూలబడి ఏడ్చాను. ఆయన భార్య లోపల నుంచి నీళ్ళు తెచ్చిచ్చింది. పాపం, ఆవిడ నన్ను ఏమనుకుందో.

ఎవరికీ ఏమీ కాలేదని నేను చెప్పలేను. ఏమైనా అయినట్టు నాకు తెలియలేదు, అంతే. ఈ రెండూ ఒకటి కాదు. అత్త ఇంకో మూడేళ్ళు బతికింది. మరుసటి సంవత్సరం మళ్ళీ నాలుగు పీపాలు పెట్టాం, మిగిలిన అయిదు దుకాణాల కోసం. ఉప్పు తూకం వేసి, రాసుకుని, మళ్ళీ తూచి పోస్తున్నాను. ఇప్పుడు మా పాడాలో పిల్లలకి ఆ పాత సీసా సంగతి తెలీదు, ప్లాస్టిక్ సీసాల్లో వచ్చే ఎర్ర సాస్ వాళ్ళకి చాలు. నాకు యాభై దాటాయి.

ఆ రోజుల్లో వెనక్కి వచ్చిన సీసాలన్నీ గోతిలో ఖాళీ చేసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకున్నాను. నిండువి రెండువందల నలభై ఏడు. సగం వాడినవి నూట ముప్పై ఎనిమిది. ఖాళీవి రెండువందల ఎనిమిది. మొత్తం అయిదువందల తొంభై మూడు. పన్నెండు సీసాలు ఒక ఓడ వంటవాడు కొన్నాడు. మా ఆయన డాక్‌కి పరుగెత్తేసరికి ఓడ వెళ్ళిపోయి రెండు రోజులైంది. నాలుగు, భవానీపూర్‌లో ఉండే ఒక తెలుగు ఆఫీసరుగారి ఇంటివాళ్ళు ఊరికి పట్టుకెళ్దామని కొన్నారు. వాళ్ళకి బదిలీ అయింది, ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకో మూడు ఎక్కడున్నాయో చిట్టాలో కూడా లేదు. ఎర్ర లక్క వేసిన సీసాలు. ఏ ఇంటి అటక మీదైనా, ఏ అలమర వెనకైనా మూత తీయకుండా ఇంకా ఉండొచ్చు. నాకు తిరిగి రావలసినవి పందొమ్మిది.